కోపం మేనేజర్ మీద, లోపం ఎవరిది?

ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఓడిపోతున్నప్పుడు అభిమానుల ఆగ్రహం మొట్టమొదట మేనేజర్ మీద పడుతుంది, ఆ తరువాత ఆటగాళ్ల మీదికి మళ్లుతుంది, యజమానుల దాకా చేరేసరికి చాలా కాలం పడుతుంది. ఈ వరుస ఎందుకు ఏర్పడింది, ఇందులో న్యాయం ఎంత అన్న ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఇంగ్లాండులోని మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు ఇటీవలి చరిత్ర కన్నా తగిన ఉదాహరణ దొరకదు. 20 జట్లు తలపడే ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఆ దేశపు అగ్రశ్రేణి పోటీలో, 13 సార్లు విజేతగా నిలిచిన ఈ క్లబ్బు 2024–25 సీజన్‌లో 38 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచి, 9 డ్రా చేసుకుని, 18 ఓడిపోయింది. గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున లెక్కవేస్తే వచ్చిన 42 పాయింట్లతో 15వ స్థానంలో మిగిలింది. చేసిన గోల్స్ 44 కాగా ప్రత్యర్థులకు సమర్పించుకున్నవి 54. 1973–74లో ఆ జట్టు కింది శ్రేణికి జారిపోయిన తరువాత అభిమానులు ఇంత అధ్వానమైన సీజన్‌ను చూడలేదు.

క్రికెట్‌కు అలవాటుపడిన తెలుగు పాఠకులకు మేనేజర్ పదవిని కాస్త విడమరచి చెప్పవలసి ఉంటుంది. క్రికెట్‌లో మేనేజర్ అంటే జట్టు ప్రయాణాలూ బసా చూసుకునే అధికారి మాత్రమే. బౌలర్‌ను మార్చేదీ ఫీల్డర్లను నిలబెట్టేదీ కెప్టెన్ కాబట్టి ఓడినప్పుడు తిట్లు కూడా అతనికే దక్కుతాయి. ఫుట్‌బాల్ కెప్టెన్‌కు చేతి పట్టీ, టాస్, రిఫరీతో మాట్లాడే చొరవ మినహా చెప్పుకోదగ్గ అధికారం ఉండదు. ఏ పదకొండు మంది ఆడాలి, వారు మైదానంలో ఏ అమరికలో నిలవాలి, ఆట మధ్యలో ఎవరిని బయటికి పిలిచి ఎవరిని లోపలికి పంపాలి అన్నవన్నీ గీత అవతల నిలబడి చూస్తున్న మేనేజర్ నిర్ణయాలు. పాత ఇంగ్లాండు సంప్రదాయంలో ఆటగాళ్ల కొనుగోలు, అమ్మకాలలో కూడా అతనిదే చివరి మాటగా ఉండేది. యూరప్ ఖండంలోని క్లబ్బులు ఆ బాధ్యతను వేరుచేసి స్పోర్టింగ్ డైరెక్టర్ అనే ఉద్యోగికి అప్పగించి, శిక్షణ, వ్యూహం మాత్రమే చూసుకునే వ్యక్తిని హెడ్ కోచ్ అనడం మొదలుపెట్టగా, ఇంగ్లాండు క్లబ్బులు కూడా క్రమంగా ఆ దారి పట్టాయి. అధికారం ఇలా చీలిపోయినా అభిమానుల దృష్టిలో బాధ్యత చీలలేదు. మ్యాచ్ ముగిశాక విలేఖరుల ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకునేది ఇప్పటికీ ఆ ఒక్కడే.

యునైటెడ్ అభిమానుల మనసులో మేనేజర్‌కు ఉన్న స్థానాన్ని తీర్చిదిద్దినవాడు అలెక్స్ ఫెర్గూసన్. 1986 నవంబరులో వచ్చి 2013 మేలో విరమించేలోగా ఆయన 38 ట్రోఫీలు గెలిపించాడు. అయితే తొలి మూడేళ్లలో ఒక్కటీ రాలేదు. 1989 సెప్టెంబరులో నగరంలోని ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ చేతిలో 5–1 తేడాతో ఓడిపోయాక అసహనం ముదిరి, అదే ఏడాది డిసెంబరులో సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే ఒక అభిమాని మూడేళ్ల సాకులు చాలు, ఇక సెలవు తీసుకొమ్మనే అర్థం వచ్చే బ్యానర్ ఎత్తి పట్టుకున్నాడు. ఆ సీజన్‌లో జట్టు 13వ స్థానంలో ముగిసినా, నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ గెలుచుకోవడంతో ఫెర్గూసన్ కుర్చీ నిలిచింది. మూడేళ్ల తరువాత, 1993లో, ఆయనకు తొలి లీగ్ టైటిల్ వచ్చింది. ఓడిపోతున్న ప్రతి మేనేజర్ తరఫునా ఈ కథను సాక్ష్యంగా తీసుకురావడం ఇంగ్లాండులో ఆనవాయితీ అయిపోయింది గాని, గడువు దొరికిన మేనేజర్లందరూ ఫెర్గూసన్లు కాలేదన్న సంగతిని ఆ కథ చెప్పేవారు దాటవేస్తారు.

ఫెర్గూసన్ తానే ఎంపిక చేసిన డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి పది నెలల్లో, 2014 ఏప్రిల్‌లో, సాగనంపారు. అంతకు ముందు నెలలో ఆస్టన్ విల్లాతో మ్యాచ్ జరుగుతుండగా కొందరు అభిమానులు చందాలు వేసుకుని, అతన్ని తొలగించాలన్న బ్యానర్‌తో ఒక చిన్న విమానాన్ని మైదానం మీదుగా ఎగురవేయించారు. విచిత్రమేమిటంటే లోపల కూర్చున్న వేలాది మంది ఆ చర్యను మెచ్చకపోగా మోయెస్‌ను చప్పట్లతో ఆదరించారు, ఆ రోజు జట్టు 4–1తో గెలిచింది కూడా. అభిమానులు అనే మాట ఒకే గొంతును సూచిస్తుందనుకోవడం పొరపాటని ఆ ఒక్క మధ్యాహ్నమే చాటింది. తరువాత వచ్చిన లూయీ వాన్ హాల్ 2016లో ఎఫ్‌ఏ కప్ గెలిపించిన రెండు రోజులకే ఉద్యోగం కోల్పోయాడు. జోసె మౌరిన్యో రెండు ట్రోఫీలు తెచ్చి 2018 డిసెంబరులో వెళ్లిపోయాడు. ఒకప్పటి ఆటగాడు కాబట్టి అభిమానులు ఎంతో గారాబం చేసిన ఓలె గునార్ సోల్షార్‌ను కూడా 2021 నవంబరులో వాట్‌ఫర్డ్ చేతిలో 4–1 ఓటమి తరువాత తప్పించారు. సీజన్ ముగిసేవరకు తాత్కాలికంగా పనిచేసిన రాల్ఫ్ రాంగ్నిక్ ఈ క్లబ్బుకు పైపూత చాలదు, గుండె శస్త్రచికిత్సే కావాలని బాహాటంగా అన్నాడు. ఆ మాట వినడానికి యాజమాన్యం సిద్ధంగా లేదని తరువాతి కొనుగోళ్లు తేల్చాయి.

అసలు చిక్కు ఆ కొనుగోళ్లలోనే ఉంది. మేనేజర్‌ను ఒక్క ఉదయంలో మార్చవచ్చు గాని పాతిక మందికి పైగా ఉండే ఆటగాళ్ల బృందాన్ని అలా మార్చడం సాధ్యం కాదు. ఆటగాళ్లను ఒక క్లబ్బు నుంచి మరొక క్లబ్బుకు బదిలీ చేయడానికి ఏడాదిలో రెండు గడువులు మాత్రమే ఉంటాయి, ఒకటి వేసవిలో, రెండోది జనవరిలో. వీటిని ట్రాన్స్‌ఫర్ విండోలు అంటారు. కొన్న ఆటగాడికి నాలుగైదేళ్ల ఒప్పందం ఉంటుంది, అతని ధరను క్లబ్బు తన పద్దుల్లో ఆ ఏళ్లన్నిటికీ పంచి రాస్తుంది. మూడేళ్లలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపరాదన్న ప్రీమియర్ లీగ్ నియమం ఆ కాలంలో ఉండేది. ధరలో పద్దుకెక్కని భాగం మిగిలి ఉండగానే ఆటగాణ్ని చౌకగా వదిలించుకుంటే ఆ తేడా అంతా ఒకేసారి నష్టంగా లెక్కకు వస్తుంది. పైగా యునైటెడ్ ఇచ్చే జీతాలు ఇతర క్లబ్బులు భరించలేనివి కావడంతో, ఆడనివాడు కూడా ఒప్పందం తీరేదాకా కదలడు. అందువల్ల ఒక్కొక్క మేనేజర్ తన పద్ధతికి సరిపడే నలుగురైదుగుర్ని కొనిపించి వెళ్లిపోతే వారంతా తరువాతివాడి నెత్తిన పడ్డారు.

2022లో వచ్చిన డచ్చి మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ హయాంలో ఇది స్పష్టంగా కనిపించింది. అప్పుడు కొన్న లిసాండ్రో మార్టినెజ్, ఆంటొనీ, ఒనానా, డి లిఖ్ట్, మజ్రవీ అందరూ అంతకు ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లోని అయాక్స్ క్లబ్బులో అతని దగ్గర ఆడినవారే. వీరిలో బ్రెజిల్‌కు చెందిన ఆంటొనీ కోసం 8 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. అతను యునైటెడ్‌కు ఆడిన 96 మ్యాచ్‌లలో చేసిన గోల్స్ 12. టెన్ హాగ్ 2023లో మరో నాకౌట్ పోటీ అయిన లీగ్ కప్, 2024 మేలో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచినా, లీగ్‌లో జట్టు 8వ స్థానానికి దిగజారింది. అతన్ని తొలగించాలా వద్దా అని తర్జనభర్జన పడిన యాజమాన్యం ఆ జులైలో ఒప్పందాన్ని పొడిగించి, కొత్త ఆటగాళ్లను కొనిచ్చి, అక్టోబరు 28న తొలగించింది. వేసవిలో తీసుకోవలసిన నిర్ణయాన్ని శరత్కాలందాకా వాయిదా వేయడం వల్ల పోయినదేమిటో తరువాతి ఏడు నెలలు చూపించాయి.

అతని స్థానంలో లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్బు నుంచి వచ్చిన రూబెన్ అమోరిమ్ 3-4-3 అమరికను నమ్ముకున్నవాడు. ఈ అంకెలు గోల్‌కీపర్‌ను మినహాయించి పది మంది నిలిచే తీరును తెలుపుతాయి: వెనుక ముగ్గురు రక్షకులు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. మధ్య నలుగురిలో రెండు అంచులనూ కాచేవారిని వింగ్‌బ్యాక్‌లు అంటారు; ప్రత్యర్థి దాడి చేస్తే వెనక్కు పరుగెత్తి రక్షణలో కలవడం, బంతి చిక్కగానే మైదానం పొడవునా పరుగెత్తి దాడికి దిగడం వీరి పని. యునైటెడ్ వద్ద అందుకు తర్ఫీదు పొందినవారు దాదాపు లేరు. టెన్ హాగ్ పద్ధతికి పనికొచ్చిన వింగర్లు, అంటే అంచు వెంబడి దాడి చేయడమే పనిగా ఉన్నవారు, చాలామంది ఉన్నా ఈ అమరికలో వారికి చోటు లేదు. సీజన్ నడుమ వచ్చిన కోచ్ తన అమరికను ఆటగాళ్లకు తగ్గట్టు మార్చుకోవాలా, ఆటగాళ్లే మారేదాకా ఓడిపోతూ వేచి ఉండాలా అన్నదానిపై అభిమానులు రెండుగా చీలిపోయారు. అమోరిమ్ రెండో దారినే పట్టాడు. 2025 జనవరిలో బ్రైటన్ చేతిలో సొంత మైదానంలో 3–1తో ఓడాక, క్లబ్బు చరిత్రలోనే బహుశా అతి పేలవమైన జట్టు తమదేనని తానే ఒప్పుకున్నాడు. నిజాయతీగా అన్నా, ఆ మాట విన్న ఆటగాడు మరుసటి వారం ఏ ధైర్యంతో మైదానంలోకి దిగుతాడన్న సందేహం న్యాయమైనదే.

ఆటగాళ్ల మీది కోపానికి కారణాలు వేరు. ఓటమిని అభిమానులు క్షమిస్తారు గాని ఒళ్లు దాచుకోవడాన్ని క్షమించరు. బంతి పోయిన వెంటనే వెనక్కు పరుగెత్తకుండా చేతులు చాచి నిలబడిపోయే ఆటగాణ్ని చూసినప్పుడు గ్యాలరీలో లేచే కేకలు, గోల్ తప్పినప్పుడు వినిపించే నిట్టూర్పులకన్నా ఎంతో కటువుగా ఉంటాయి. మాంచెస్టర్‌లోనే పుట్టి, చిన్ననాటి నుంచి క్లబ్బు అకాడమీలోనే పెరిగిన మార్కస్ రాష్‌ఫర్డ్‌ను శిక్షణలో శ్రద్ధ చాలదంటూ అమోరిమ్ 2024 డిసెంబరు నుంచి పక్కన పెట్టి, ఆపై ఆస్టన్ విల్లాకు అద్దెకు పంపించినప్పుడు పెద్దగా నిరసన రాకపోవడం ఆ కోపపు లోతును తెలుపుతుంది. అయితే లెక్క ఇక్కడే తిరగబడింది. యునైటెడ్‌లో నవ్వులపాలైన ఆంటొనీ స్పెయిన్‌లోని బేతిస్ క్లబ్బుకు వెళ్లగానే ఆ జట్టు యూరప్ స్థాయి ఫైనల్ చేరడంలో ముఖ్యుడయ్యాడు. పద్దుల్లో లాభం చూపడానికి 2024 వేసవిలో నాపొలీకి అమ్మేసిన స్కాట్ మెక్‌టోమినే ఇటలీ లీగ్ గెలిచిన జట్టులో సభ్యుడై, ఆ సీజన్‌కు అక్కడి ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అకాడమీలో పెరిగినవాడికి కొనుగోలు ధర ఉండదు కాబట్టి అమ్మితే వచ్చినదంతా లాభమే. ఆ లెక్క వల్లనే క్లబ్బులు ఊరి పిల్లల్ని ముందుగా అమ్ముకుంటున్నాయి. బయటికి వెళ్లిన ప్రతివాడూ బాగుపడుతుంటే లోపం ఆటగాడిదా, అతన్ని ఆడించిన చోటుదా అని అభిమానులు ప్రశ్నించడం మొదలుపెట్టారు.

ఆశ పూర్తిగా చచ్చిపోతే ఈ బాధ ఉండదు; అది అప్పుడప్పుడు లేచి కూర్చోవడమే అసలు హింస. 2025 ఏప్రిల్‌లో యూరప్ క్లబ్బుల రెండో శ్రేణి పోటీ అయిన యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ జట్టు లియాన్ మీద అదనపు సమయంలో 4–2తో వెనుకబడి, ఇంకా ఆరేడు నిమిషాలే మిగిలి ఉండగా మూడు గోల్స్ చేసి 5–4తో గెలిచినప్పుడు ఓల్డ్ ట్రాఫర్డ్ ఊగిపోయింది. అయిదు వారాల తరువాత స్పెయిన్‌లోని బిల్బావోలో జరిగిన ఫైనల్లో ఇంగ్లాండుకే చెందిన టాటెన్‌హమ్ ఒకే ఒక్క గోల్‌తో కప్ ఎగరేసుకుపోయింది. కొత్త సీజన్ మొదలైన నెలలోనే, ఆగస్టు 27న, నాలుగో శ్రేణిలో ఆడే గ్రిమ్స్‌బీ టౌన్‌తో లీగ్ కప్ మ్యాచ్ వచ్చింది. పది వేల మంది కూడా పట్టని ఆ మైదానంలో, వానలో, తన జట్టు వెనుకబడి ఉండగా అమోరిమ్ చిన్న పలక మీద ఆటగాళ్ల గుర్తులను అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చోవడాన్ని టీవీ కెమెరాలు పట్టి చూపించాయి. 2–2తో సమమైన ఆట పెనాల్టీలకు వెళ్లింది. రెండు జట్ల గోల్‌కీపర్లు కూడా బంతిని తన్నవలసి వచ్చేంత దూరం సాగి, యునైటెడ్ ఆటగాడు బ్రయాన్ ఎంబ్యూమో కొట్టిన బంతి గోల్ కడ్డీకి తగలడంతో 12–11తో గ్రిమ్స్‌బీ గెలిచింది. మేనేజర్ వైపు నిలిచినవారిలో చాలామందికి ఆ రాత్రితో ఓపిక తీరిపోయింది.

అభిమానుల నిరసనకు ఇంగ్లాండులో పాత పద్ధతులే ఉన్నాయి: వెక్కిరింపు కేకలు, ఆట ముగియకముందే లేచిపోవడం, బ్యానర్లు, పాటలు. పాటల విషయంలో ఒక సూక్ష్మం ఉంది. పరాయి మైదానాలకు జట్టు వెంట వెళ్లే కొద్ది వేల మంది ఓడిపోతున్నప్పుడు కూడా మేనేజర్ పేరు పెట్టి పాడుతూ ఉంటారు. జట్టు పట్ల అత్యంత కఠినంగా మాట్లాడేవారు తరచు దూరదేశాల్లో టీవీ ముందు కూర్చున్నవారే. 2024 అక్టోబరులో ఒక అభిమాని జట్టు వరుసగా అయిదు మ్యాచ్‌లు గెలిచేదాకా జుట్టు కత్తిరించుకోనని పంతం పట్టి, ఏడాది తిరిగినా ఆ పంతం తీరక, ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాడు. తలనీలాల మొక్కు ఎరిగిన తెలుగువారికి ఇందులో వింత కనిపించదు గాని ఆంగ్లేయులకు అదొక వినోదమైంది.

క్రమబద్ధంగా సాగిన ఉద్యమాలు మాత్రం మేనేజర్‌ను వదిలి యజమానుల మీదనే గురిపెట్టాయి. అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం 2005లో 79 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొన్నప్పుడు అందులో చాలా భాగం అప్పుగా తెచ్చి, ఆ అప్పు భారాన్ని క్లబ్బు నెత్తినే పెట్టింది. అంతవరకు అప్పు లేని క్లబ్బు ఆనాటి నుంచి వందల మిలియన్ల పౌండ్లు వడ్డీలకే కడుతూ వస్తోంది. దానికి నిరసనగా కొందరు విడిపోయి అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే సొంత క్లబ్బును స్థాపించుకున్నారు. 2010లో వేలాది మంది ఎరుపు కండువాలు విడిచి, క్లబ్బు తొలి రూపమైన న్యూటన్ హీత్ నాటి ఆకుపచ్చ, బంగారు రంగులవి ధరించారు. 2021 మే 2న మైదానంలోకి చొరబడి లివర్‌పూల్‌తో మ్యాచ్‌ను వాయిదా వేయించారు. 2024 డిసెంబరులో పిల్లలకూ వృద్ధులకూ రాయితీ లేకుండా మిగిలిన టికెట్లకు పెట్టిన 66 పౌండ్ల ధర మీద నిరసన తెలిపినప్పుడు, 2025 మార్చిలో ఆర్సెనల్‌తో మ్యాచ్‌కు ముందు నల్ల దుస్తులతో ఊరేగింపు తీసినప్పుడు కూడా గురి యజమానులే. ఈ ఊరేగింపును నడిపిన సంఘం, మ్యూనిక్ విమాన ప్రమాదంలో 8 మంది ఆటగాళ్లను క్లబ్బు కోల్పోయిన 1958 సంవత్సరాన్నే తన పేరుగా పెట్టుకుంది.

వీటిలో ఏ ఒక్కటీ యజమానిని కదిలించలేదు. 2024 ఫిబ్రవరిలో వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతుకు పైగా వాటా కొని ఆట వ్యవహారాలు చేపట్టినా, అధిక వాటా గ్లేజర్లదే. కంపెనీ వాటాలు ఉన్నవాణ్ని కేకలు తొలగించలేవు. ఒప్పందాలున్న పాతిక మందిని ఒకేసారి పంపడం కుదరదు. మిగిలినవాడు మేనేజర్ ఒక్కడే. అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది గాని, తేడా ఏమిటంటే అభిమానులు తెలిసే ఆ పని చేస్తారు. మేనేజర్ తొలగింపు తమ గొంతుకు యాజమాన్యం నుంచి రాబట్టగలిగిన ఏకైక జవాబు. యాజమాన్యానికి కూడా అది సుఖమైన జవాబే, ఎందుకంటే ఆ ఒక్క వేటుతో మిగతా ప్రశ్నలన్నీ కొన్ని వారాలపాటు సద్దుమణుగుతాయి.

ఆ సుఖానికి ధర తక్కువేమీ కాదు. టెన్ హాగ్‌నూ అతని సహాయకులనూ పంపడానికి 1.04 కోట్ల పౌండ్లు, అమోరిమ్‌ను స్పోర్టింగ్ నుంచి విడిపించడానికి సుమారు 1.1 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి. పోనీ, మార్పు వల్ల ఫలితం ఉంటుందా? నెదర్లాండ్స్ అగ్రశ్రేణి లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన తొలగింపులను పరిశీలించిన ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్, కొత్త మేనేజర్ వచ్చాక ఫలితాలు మెరుగుపడిన మాట నిజమేనని, కాని అంతే దురవస్థలో ఉండి మేనేజర్‌ను మార్చని జట్లు కూడా అదే విధంగా కోలుకున్నాయని తేల్చాడు. అడుగుకు చేరిన జట్టు సహజంగానే కొంత పైకి లేస్తుంది, ఆ పేరు కొత్తవాడికి దక్కుతుంది. బిల్బావోలో గెలిచిన టాటెన్‌హమ్ కథ మరీ విడ్డూరం: 17 ఏళ్ల తరువాత తొలి ట్రోఫీ తెచ్చిన ఆంజె పోస్టెకోగ్లూను, లీగ్‌లో 17వ స్థానంలో ముగిసినందుకు, ఫైనల్ జరిగిన 16 రోజులకే తొలగించారు.

లోపం ఎవరిదన్న ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా ఉన్న స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్, తరువాత భారత జట్టు బాధ్యత చేపట్టి 8 మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయంతో 2025లో వైదొలగవలసి వచ్చింది. మనిషి అతనే, చేతికి అందిన ఆటగాళ్లూ పరిస్థితులే వేరు. జీతాలు కూడా సరిగా అందని స్థితికి చేరిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2023–24లో ఒక్క మ్యాచ్ మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచినప్పుడు అక్కడి అభిమానులు కోచ్‌ను నిందించి ప్రయోజనం లేకపోయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

అమోరిమ్ ఉద్యోగం 2026 జనవరి 5న పోయింది. 15వ స్థానంలో ముగిసినప్పుడు అతన్ని కొనసాగించిన యాజమాన్యం, జట్టు 6వ స్థానంలో ఉండగా తొలగించింది. అంతకు ముందు రోజు లీడ్స్‌తో 1–1 డ్రా తరువాత తాను వచ్చింది మేనేజర్‌గా ఉండడానికే గాని కోచ్‌గా కాదని అతను విలేఖరుల ముందు తేల్చి చెప్పాడు. అతని నియామక పత్రంలో ఉన్న హోదా మాత్రం హెడ్ కోచ్. సీజన్ చివరి వరకు ఆ బాధ్యత ఒకప్పటి ఆటగాడు మైకేల్ కారిక్‌కు దక్కింది. ఫెర్గూసన్ విరమించిన నాటి నుంచి ఆరుగురు శాశ్వత మేనేజర్లు వచ్చి వెళ్లారు. క్లబ్బులో అధిక వాటా మాత్రం 2005 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది.